తొలి క్షణాల తీర్పు

చీమకుర్తి క్వారీలో బ్లాకు కొనడానికి వచ్చినవాడు రాయి మీద నీళ్లు చల్లించి చూస్తాడు. తడిసిన నల్లరాతిలో బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయో, వెంట్రుకవాసి చీలిక ఎక్కడైనా ఉందేమో ఆ చూపులోనే చాలావరకు తేలిపోతుంది. ఆ చూపు వల్ల రాయికి నొప్పి లేదు. ఇవాళ సెల్‌ఫోన్ ముందు నిలబడి మాట్లాడే మనుషులకు కూడా మనం అదే వేగంతో ధర కడుతున్నాం. రీలు మొదలైన రెండు మూడు క్షణాల్లో చూసేవాడి బొటనవేలు ఆగిందా, పైకి తోసేసిందా అన్న దానిమీదే ఆ మనిషి పడ్డ శ్రమ విలువ ఆధారపడుతోంది. ఈ పద్ధతి అందరినీ ఒకేలా నలపదు. ఆటిజం, ధ్యాస కుదురుగా నిలవని ఏడీహెచ్‌డీ, చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియా లాంటివాటితో పుట్టి, మెదడు తీరే వేరుగా ఉన్నవారిని న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. వాళ్లలో వీడియోలు చేసి జనంలోకి వచ్చినవారు పడే మనోవేదనను సున్నిత మనస్తత్వం ఖాతాలో రాసేసి ఊరుకోవడం అన్యాయమని నా వాదన. ఆ వేదనలో పెద్ద భాగం వాళ్ల మెదడులోంచి పుట్టింది కాదు, ఆ తొలి క్షణాల తీర్పులోంచి పుట్టింది.

ఈ మాట జాలితో అంటున్నది కాదు. దీనికి ఆధారం ఉంది. నోవా సాసన్, ఆయన సహపరిశోధకులు 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లనూ లేనివాళ్లనూ ఒక టీవీ షోకి ఆడిషన్ ఇస్తున్నట్టు మాట్లాడమని కెమెరాలో తీశారు. అందులోంచి కొద్ది సెకన్ల ముక్కలను కాలేజీ విద్యార్థులకు చూపించారు. ఎవరికి ఆటిజం ఉందో చెప్పలేదు. ఈ మనిషితో మాట కలుపుతారా, పక్కన కూర్చుంటారా అని అడిగితే ఆటిజం ఉన్నవారి విషయంలో విద్యార్థులు వెనకాడారు. కారణం చెప్పమంటే చెప్పగలిగేవారు కాదేమో, కానీ ఎందుకో నచ్చలేదు. గొంతు ఒక్కటే వినిపించినా, మాట లేకుండా బొమ్మ ఒక్కటే చూపించినా ఫలితం అదే. మాట్లాడినదాన్ని కాగితం మీద అక్షరాలుగా పెట్టి ఇచ్చినప్పుడు మాత్రం ఆ వెనుకంజ మాయమైంది. ఈ ఆఖరి వాక్యం దగ్గర పాఠకులు కాస్త ఆగాలని నా మనవి. మాటలు అవే, ఆలోచన అదే, మనిషి కూడా అతనే. జనం కాదన్నది చెప్పిన విషయాన్ని కాదు, స్వరంలో ఎత్తుపల్లాలు లేకపోవడాన్ని, కళ్లు ఎటో చూడటాన్ని, చేతులు ఇంకోలా కదలడాన్ని.

ఇప్పుడు రీలు అనే రూపాన్ని చూడండి. ముఖం, గొంతు, కదలిక, కొన్ని క్షణాలు. ఆ అధ్యయనంలో ఆటిజం ఉన్నవారికి ఎదురుతిరిగినవన్నీ ఏరి ఒకచోట చేర్చినట్టు ఉంటుంది. వాళ్లను కాపాడిన ఒక్కటి, అంటే తీరిగ్గా చదివే అక్షరం, అందులో అడుగున ఎక్కడో చిన్న అచ్చులో ఉంటుంది. ఆటిజం ఉన్నవారు విషయాన్ని ఇతరులకు సరిగా అందించలేరన్న నమ్మకం కూడా నిలబడటం లేదు. 311 మందితో చేసి 2025లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఒకరి నుంచి ఒకరికి సమాచారం చేరవేయడంలో ఆటిజం ఉన్నవారి బృందాలు మిగతావారికి ఏమీ తీసిపోలేదు. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ 2012లోనే దీనికి దగ్గరి మాట అన్నారు. రెండు రకాల మనుషుల మధ్య అర్థం కాకపోవడం ఉందంటే అది రెండు వైపులా ఉందని, ఒక వైపువారికే దాన్ని రోగంగా అంటగట్టడం సరికాదని ఆయన వాదించారు. మిల్టన్ కూడా ఆటిజం ఉన్న వ్యక్తే.

మెదడు తీరుల్లో వైవిధ్యం సహజమేనన్న న్యూరోడైవర్సిటీ ఆలోచన ఎక్కడ పెరిగిందో గుర్తు చేసుకుంటే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1990ల ఇంటర్నెట్‌లో ముఖాలు లేవు, అక్షరాలే ఉన్నాయి. ఎవరూ కళ్లలోకి చూడమనని ఆ చోట ఆటిజం ఉన్నవారు ఒకరినొకరు కనుక్కున్నారు. తమ పిల్లల గురించి ఏడ్చే తల్లిదండ్రులను ఉద్దేశించి జిమ్ సింక్లెయిర్ 'డోంట్ మోర్న్ ఫర్ అస్' (మా కోసం ఏడవకండి) రాసింది 1993లో. ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ తన సిద్ధాంత వ్యాసంలో, అమెరికాలో హార్వీ బ్లూమ్ అట్లాంటిక్ పత్రికలో న్యూరోడైవర్సిటీ గురించి రాసింది 1998లో. మన దగ్గర ఇంటర్నెట్ జనంలోకి వచ్చిన దారి వేరు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైన తర్వాతే చీమకుర్తి లాంటి ఊళ్లలో ఇంటింటికీ వీడియో చేరింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధిస్తే జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చేశాయి. తెలుగు బ్లాగుల కాలమూ, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా లాంటి వేదికలూ తెలిసినవారు మనలో కొద్దిమందే. ఒకే విషయం మీద నెలల తరబడి ధ్యాస నిలపగల మనిషి ఏ ముఖమూ చూపించకుండా పనిచేసుకోగలిగే చోట్లు అవి. మన పిల్లల్లో చాలామంది ఆ మెట్టు ఎక్కకుండానే నేరుగా కెమెరా ముందుకు వచ్చారు.

వచ్చినవారికి రెండే దారులు కనిపిస్తాయి. మొదటిది దాచుకోవడం. బడిలో, పెళ్లిళ్లలో, ఇంటికి వచ్చిన చుట్టాల ముందు చిన్నప్పటి నుంచి నేర్చుకున్న విద్యే అది. నవ్వాల్సిన చోట నవ్వడం, కుదురుగా కూర్చోవడం, కళ్లలోకి కాకపోయినా కనుబొమల మధ్యకి చూసి మాట్లాడటం. దీన్ని మాస్కింగ్ అంటున్నారు. లారా హల్ బృందం 2017లో 92 మంది ఆటిజం ఉన్న పెద్దవాళ్లను అడిగితే, ఇలా దాచుకున్న తర్వాత మిగిలేది ఒళ్లు హూనమైన అలసట, తానెవరో తనకే తెలియని అయోమయం అని చెప్పారు. మరుసటి ఏడాది సారా కాసిడీ బృందం ఈ దాచుకోవడానికీ ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం ఉందని చూపింది. వీడియో చేసేవారికి ఇది వారానికోసారి తప్పని పెళ్లి భోజనం కాదు, రోజూ చేయాల్సిన పని. ఒకరోజు మానితే తర్వాతి వీడియో ఎంతమందికి చూపించాలో యంత్రం తిరిగి లెక్క వేస్తుందన్న భయం ఒకటి. ఏడీహెచ్‌డీ ఉన్నవారి శ్రమ సహజంగా ఒక ఊపులో వస్తుంది, మరో వారం అస్సలు రాదు. క్రమం తప్పకుండా అదే మోతాదులో ఇవ్వమని వాళ్లను అడగడమంటే వాళ్లకు లేనిదాన్నే కూలిగా అడగడం.

నటులందరూ దాచుకునేవాళ్లే కదా అని ఎవరైనా అనొచ్చు. పద్యనాటకానికి ఊపిరి పోసిన ఈ నేల మీద ఆ ప్రశ్న రావడం న్యాయమే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే ఆయన మగవాడన్న సంగతే జనం మర్చిపోయేవారని పేరు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ ఆ వేషం వేషమని ఆయనకూ తెలుసు, టికెట్టు కొన్నవాడికీ తెలుసు. తెర పడ్డాక రంగు కడుక్కుని స్థానం వారు తన ముఖంతో ఇంటికి వెళ్లేవారు. రీలు చేసేవారిని మనం అడిగేది దానికి విరుద్ధం. నువ్వు నువ్వుగా ఉండు, నటించకు, నీ నిజం చూపించు అంటాం. నిజం చూపిస్తే పైకి తోసేస్తాం. అందుకని తమది కాని ముఖాన్నే తమ నిజమైన ముఖంగా చూపించుకోవాల్సి వస్తుంది. అభినందనలన్నీ ఆ ముఖానికే చేరతాయి. లక్షమంది మెచ్చినా లోపలి మనిషిని ఒక్కరూ చూడలేదన్న బాధకు ఏ నటుడి అనుభవమూ సాటి రాదనుకుంటాను.

రెండో దారి చెప్పేయడం. నాకు ఆటిజం ఉంది, నాకు ఏడీహెచ్‌డీ ఉంది అని ముందే ప్రకటించడం. ఇది పనిచేస్తుందన్న ఆధారం కూడా సాసన్ బృందం దగ్గరే ఉంది. ఆటిజం ఉందని ముందుగా చెప్పినప్పుడు చూసేవారి అభిప్రాయం మెరుగుపడిందని, ఆటిజం గురించి ముందే తెలిసినవారిలో మరింత మెరుగుపడిందని 2019లో ప్రచురించారు. అమెరికాలో జెస్సికా మెకేబ్ 2016లో 'హౌ టు ఏడీహెచ్‌డీ' అనే యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టి, అదే పేరుతో 2024లో పుస్తకం తెచ్చే దాకా వచ్చారు. లక్షలమందికి ఆమె మాట ఆసరా అయింది. మన ప్రేక్షకులకు పుష్ప సినిమాల్లో షెకావత్‌గా తెలిసిన ఫహాద్ ఫాజిల్ తనకు 41వ ఏట ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తేలిందని 2024 మేలో కేరళలోని కోతమంగళంలో ఒక సభలో చెప్పారు. అప్పుడు ఎన్ని తెలుగు ఇళ్లలో భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటారో. చెప్పడం వల్ల మేలుందని ఒప్పుకోవాలి, నేను ఒప్పుకుంటాను. పేరున్నవాడు చెబితే ధైర్యం అంటారు, పేరు లేని పిల్ల చెబితే సాకు అంటారన్నది వేరే సంగతి.

అయితే చెప్పిన మరుక్షణం నుంచి ఆ మనిషి వేరే దేని గురించీ మాట్లాడకూడదు. పక్షుల గురించో, పాత పాటల గురించో, మిరపతోటలో వచ్చే తెగులు గురించో మాట్లాడాలని వచ్చినవాడు రోజూ తన మెదడు తీరు గురించే మాట్లాడాలి, ఎందుకంటే చూసేది దాన్నే. పుట్టినప్పటి నుంచి ఇంట్లో, బడిలో సంజాయిషీ చెప్పుకుంటూ వచ్చిన మనిషికి ఇప్పుడు సంజాయిషీ చెప్పడమే వృత్తి అయింది. అంతకంటే సూక్ష్మమైన ఒత్తిడి మరొకటి ఉంది. కెనడా పరిశోధకులు 2022లో టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ మీద అత్యధికంగా చూసిన 100 వీడియోలను పరీక్షిస్తే 52 తప్పుదారి పట్టించేవిగా తేలాయి. 27 సొంత అనుభవాలు, 21 పనికొచ్చేవి. దీన్ని చూపించి, ఈ క్రియేటర్లే సమాజాన్ని చెడగొడుతున్నారు, ప్రతి కుర్రాడూ ఫోన్ చూసి తనకో రోగం తగిలించుకుంటున్నాడు అని డాక్టర్లు కోప్పడుతున్నారు. కోపం నిరాధారం కాదు. కానీ నాకు ఇలా ఉంటుంది అన్న వాక్యం నుంచి, మీకు ఇలా ఉంటే మీకూ అదే అన్న వాక్యానికి మనిషిని నెట్టేది ఎవరు? మొదటి వాక్యం నిజం, కానీ చూసేవాడిని ఆపదు. రెండోది తప్పు, కానీ బొటనవేలిని ఆపుతుంది. నిజాయితీగా ఉన్నవారికి తక్కువ చూపులు, అతిశయంగా చెప్పినవారికి ఎక్కువ చూపులు దక్కే చోట నిజాయితీపరులు పడే నైతిక యాతన గురించి ఆ కోపంలో ఒక్క మాటా లేదు. అబద్ధం చెప్పడం, సగం చెప్పడం కష్టమైన మనుషులు వాళ్లలో చాలామంది. వాళ్లను ఈ బేరంలోకి దింపడం మిగతావారిని దింపడం కంటే క్రూరం.

చెప్పేశాక వచ్చేది నమ్మకపోవడం. నువ్వు అలా కనిపించట్లేదే అన్నది అందులో మర్యాదైన రూపం. ఓవరాక్షన్, అటెన్షన్ కోసం వేషాలు అన్నవి మిగతావి. దాచుకోవడం బాగా నేర్చుకున్నందుకు పడే శిక్ష ఇది. మెప్పు కోసం ముసుగు వేసుకుంటే నమ్మరు, ముసుగు తీస్తే చూడరు. రుజువు చూపించమంటారు. రుజువు అంటే మన దగ్గర వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపు, సర్టిఫికెట్టు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో లేదు. ఆటిజానికి వాడే భారతీయ కొలమానం ఐసా సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పటి నీపిడ్) ఆధ్వర్యంలో తయారైంది. అంటే తెలుగు నేల మీద విజ్ఞానం లేక కాదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లలకు భవిత కేంద్రాలు పెట్టారు కూడా. బడి దాటాక పాతికేళ్ల మనిషికి అలాంటి చోటు కనపడదు. హైదరాబాద్ సహా దేశంలో ఐదు చోట్ల 2011-12లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం, వినికిడి, చూపు, మూర్ఛ సమస్యలతో కలిపి దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి నాడీ వికాస సమస్య ఉందని చెప్పింది. ఆ ఈడు పిల్లలే ఇప్పుడు ఫోన్ పట్టుకుని రీళ్లు తీసే వయసుకు వచ్చారు. తమకేముందో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. కాగితం లేని మనిషిని కాగితం చూపించమని కామెంట్లలో అడగడం సులువు. పోనీ కాగితం ఉందనుకుందాం. దొంగ సర్టిఫికెట్ల గొడవలు వార్తల్లో నలిగి నలిగి, ఇప్పుడు అసలు కాగితాన్ని కూడా జనం అనుమానంగానే చూస్తున్నారు.

చిన్న ఊరు ఈ భారాన్ని ఇంకాస్త పెంచుతుంది. మహానగరంలో క్రియేటర్‌ను తిట్టేది ముక్కూముఖం తెలియని జనం. చీమకుర్తిలోనో, పొదిలిలోనో, అద్దంకిలోనో ఉండే పిల్ల వీడియోను మొదట చూసేది బాబాయి, పక్కింటి పిన్ని, కాలేజీ క్లాస్‌మేట్. వాట్సాప్ స్టేటస్‌లో అది సంబంధం చూసేవారి దాకా పోతుంది. నీ చెల్లికి పెళ్లి కావాలి, అవన్నీ బయట చెప్పుకోవడం ఎందుకమ్మా అన్న మాట ప్రేమతోనే వస్తుంది, ద్వేషంతో కాదు. అందుకే దానికి జవాబు చెప్పడం మరీ కష్టం. పైగా మన ఊళ్లో శబ్దం. క్వారీల పేలుళ్లు, పాలిషింగ్ యూనిట్ల మోత, కర్నూలు రోడ్డు మీద బ్లాకులు మోసే లారీల హారన్లు మామూలు చెవులకే భారం. శబ్దం ఒంటికి గుచ్చుకునే మనిషి ఒక నిమిషం ప్రశాంతంగా రికార్డు చేసుకోవడానికి అర్ధరాత్రి దాకా కాచుకోవాలి, ఆ అలసట తెర మీద కనిపించకూడదు. ఇక ఇలాంటి మనుషులను ఎలా చూడాలో మన చూపుకు నేర్పింది సినిమా. 2015లో భలే భలే మగాడివోయ్, 2017లో మహానుభావుడు హాళ్లు నింపాయి. మతిమరుపు, అతి శుభ్రత హీరోకుంటే నవ్వులాట, చివరికి పెళ్లి. వాటిని తీసినవారి ఉద్దేశం చెడ్డది కాదు. కానీ రెండున్నర గంటల్లో తేలిపోయే తమాషాగానే ఈ తీరులు మనకు పరిచయమయ్యాయి. పదేళ్లయినా తేలని మనిషి ఎదురైతే మనకు విసుగు వస్తుంది, తమాషా ఆపమంటాం.

ట్రోలింగ్ అందరికీ ఉన్నదే, వీళ్లకు ప్రత్యేకం ఏమిటి అన్నది ఎక్కువగా వినిపించే అభ్యంతరం. నిజమే, అందరికీ ఉంది. తేడా ఎక్కడంటే, మామూలు మనిషికి వంద కామెంట్లలో నాలుగు చెడ్డవి వస్తే ఆ నాలుగూ ఇవాళ్టి వీడియో గురించే. వీళ్లకు ఆ నాలుగూ ఒకటో తరగతి నుంచి విన్న మాటల కొనసాగింపు. తిరస్కారం తగిలితే రోజుల తరబడి కోలుకోలేకపోవడాన్ని ఏడీహెచ్‌డీ ఉన్నవారు ఎంతోమంది వర్ణిస్తారు. వైద్య గ్రంథాల్లో దానికి ఇంకా అధికారికమైన పేరు లేదు. పేరు లేనంత మాత్రాన బాధ లేనట్టు కాదు. వ్యంగ్యం, ఎత్తిపొడుపు పట్టుకోవడం కష్టమైన మనిషికి ప్రతి కామెంటూ ఒక చిక్కుముడి. ఇది మెచ్చుకోలా, వెక్కిరింపా అని రాత్రంతా తిరగేసి చదువుకోవాలి.

అంత కష్టమైతే మానేయొచ్చుగా అన్నది రెండో అభ్యంతరం. దీనికి కాస్త గట్టిగానే జవాబు చెప్పాలి. ఇంటర్వ్యూ గదిలో తొలి చూపులోనే తిరస్కారం పొందే మనిషికి, నలుగురి మధ్య ఎనిమిది గంటలు కూర్చోలేని మనిషికి, అడ్డుకునేవాడు లేకుండా తలుపు తీసిన ఒకే ఒక్క కొలువు ఇది. పైగా ఇక్కడే వాళ్లు తమలాంటివారిని కలిశారు. మానేయమనడమంటే ఉన్న ఒక్క తలుపూ మూసుకోమనడం. కాపాడతామన్న పేరుతో మూసిన సంగతి కూడా చరిత్రలో ఉంది. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నట్టు కనిపించేవారి వీడియోలు ఎక్కువమందికి చేరకుండా టిక్‌టాక్ అడ్డుకుంటోందని 2019 డిసెంబరులో జర్మనీకి చెందిన వార్తా వెబ్‌సైట్ నెట్జ్‌పొలిటిక్ బయటపెట్టింది. వేధింపుల నుంచి రక్షించడానికే అలా చేశామని, అది తప్పని టిక్‌టాక్ ఒప్పుకుంది. ఆ వీడియోలు చేసినవారి సంగతి ఊహించండి. ఎవరూ తిట్టలేదు, ఎవరూ చూడలేదు, ఎందుకో తెలియదు. లోపం తమలోనే ఉందనుకుని ఉంటారు. వేధించేవాడిని వదిలేసి వేధింపు పడేవాడిని దాచేయడం మన ఇళ్లలో కూడా పాత అలవాటే.

కాబట్టి బాగుచేయాల్సింది వాళ్ల ధైర్యాన్ని కాదు. తొలి క్షణాల లెక్కతో కాకుండా చివరిదాకా చూసినవారి లెక్కతో ఒక వీడియోను తూచడం, పదిరోజుల విరామం తీసుకున్నవారిని వెనక్కి నెట్టకపోవడం, ముఖం లేకుండా అక్షరంతోనో గొంతుతోనో వచ్చినవారికీ సమాన చోటు ఇవ్వడం సంస్థల చేతిలో ఉన్న పనులు. బహిరంగంగా వికలాంగులను కావాలని అవమానించేవారికి 2016 చట్టంలోని 92వ సెక్షన్ ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష రాసిపెట్టింది. ఆ చట్టంలోని వైకల్యాల జాబితాలోకి ఏడీహెచ్‌డీని చేర్చడం ప్రభుత్వం చేయాల్సిన పని. ఇవన్నీ జరిగేదాకా మన చేతిలో ఉన్నది మన బొటనవేలు. గొంతు చదునుగా ఉన్న మనిషో, కెమెరా వైపు చూడని మనిషో తెర మీదికి వస్తే ఇంకో పది క్షణాలు ఆగి, ఏం చెబుతున్నారో వినండి. విన్నాక నచ్చకపోతే పైకి తోసేయండి, అది మీ హక్కు. నువ్వు అలా కనిపించట్లేదే అని మాత్రం దయచేసి రాయకండి.